ఆరు మీటర్ల పచ్చ గుడ్డ

భూగోళం చెప్పే పటాల టీచరు వాకిట్లో చెప్పులు విప్పకముందే పెరటి దండెం మీద గుడ్డ కనిపించింది. ఆరు మీటర్ల నూలు గుడ్డ గాలికి ఒక పక్కకి ఉబ్బి, మళ్ళీ చదునవుతోంది. ఎక్కడా మరక లేదు, చార లేదు. ఈ అంచు నుంచి ఆ అంచు దాకా ఒకటే నిండు రంగు. నాన్న పనితనమంటే అదీ! చిక్కల్లా ఒక్కటే. గుడ్డ పసుపు రంగులో ఉంది.

"నాన్నా!"

రంగులు వేసే కొట్టంలోంచి నాన్న బయటికి వచ్చాడు. మోచేతుల దాకా ఉన్న రబ్బరు తొడుగులు ఒక్కొక్కటే లాగుతూ, "ఎలా ఉందమ్మా? మెరవకూడదన్నావని గంజి కూడా పెట్టలేదు" అన్నాడు. మెచ్చుకోలు కోసం మొహం సిద్ధం చేసుకునే ఉన్నాడు.

"నేను పచ్చ గుడ్డ అడిగాను నాన్నా."

"అదేగా ఇది."

"ఇది పసుపు!"

"పసుపు పచ్చ కాక మరేమిటి?"

"నాకు కావలసింది ఆకుపచ్చ!"

"ఆకు కావాలంటే ఆకు అనాలి" అన్నాడు నాన్న, తొడుగులు మేకుకు తగిలిస్తూ. "అన్నావా? అనలేదు. ఫోనులో ఒకటికి రెండుసార్లు అడిగాను, పచ్చేనా తల్లీ అని. పచ్చే, పచ్చే అన్నావు. ఇప్పుడు నన్ను దోషిని చేస్తే ఎలా?"

వంటింటి కిటికీలోంచి అమ్మ అందుకుంది. "నేను కాపురానికి వచ్చినప్పట్నుంచీ ఈ ఇంట్లో పచ్చ తొట్టి అంటే పసుపు తొట్టే. నీకు తెలియకపోవడమేమిటే? నాలుగేళ్ళప్పుడు అందులో పడింది నువ్వు కాదూ? వారం రోజులు వీధి వీధంతా వచ్చి చూసి వెళ్ళారు నిన్ను."

పటాల టీచరు అరుగు మీద కూలబడింది. నిజమే, ఆమెకు తెలుసు. తెలిసీ పొరపాటు చేసింది. ఆ ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి ఆమే. చదువు మొదలైన కొత్తలో ఓసారి ఇంట్లో ఏదో చెబుతూ నాలుగు కాలేజీ మాటలు వాడితే, నాన్న అర్థమైనట్టు తల ఊపి మెల్లగా కొట్టంలోకి వెళ్ళిపోయాడు. ఆ తల ఊపడం ఆమె మరిచిపోలేదు. అప్పట్నుంచి ఇంట్లో ఇంటి మాటలే మాట్లాడాలని నియమం పెట్టుకుంది. అందుకే ఫోనులో గ్రీన్ స్క్రీన్ అనలేదు. ఒద్దికగా పచ్చ గుడ్డ అంది. ఆ పచ్చ ఇద్దరి నోట్లోనూ ఒకటి కాదని ఆమెకు తట్టనే లేదు.

"ఇంతకీ ఈ గుడ్డ దేనికమ్మా?" నాన్న పక్కన కూర్చున్నాడు. "ఏదో పాఠానికన్నావు."

ఆమె మొదట్నుంచీ చెప్పింది. ఆమె భూగోళం చెప్పే బడికి మరో రెండు ఊళ్ళలో శాఖలున్నాయి. ఆ రెండు చోట్లా భూగోళానికి టీచరు లేదు. ఇక్కడ ఆమెది గడువు ఉద్యోగం, ఈ టర్ముతో సరి. బడి నడిపే పెద్ద మేడం కమిటీ దగ్గర గట్టిగా మాట్లాడి ఒక్క అవకాశం తెచ్చింది. సోమవారం నాటికి ఆమె ఏడు నిమిషాల పాఠం ఒకటి వీడియో తీసి చూపించాలి. నచ్చితే పాఠాల గది ఒకటి ఏర్పాటు చేసి, మూడు బళ్ళకూ ఆమె చేతే పాఠాలు చెప్పిస్తారు. నచ్చకపోతే ఇక ఆమె పటాలు చుట్టుకుని ఇంటికి రావడమే. ఫోనుతో తీయొద్దని మేడం ముందే చెప్పింది. "ఫోను ఎవరి జేబులోనో ఇంటికి పోతుంది. బడికంటూ ఒక కెమెరా ఉండాలి. నువ్వే చూసి కొను. కొత్తది, మంచిది."

"మరి గుడ్డ?"

"దాని ముందు నిలబడి మాట్లాడతాను నాన్నా. తర్వాత కంప్యూటరు ఆ గుడ్డ రంగు కనిపించిన చోటల్లా చెరిపేస్తుంది. చెరిపిన చోట పటం పెడతాను. అప్పుడు నేను పటంలో నిలబడి, నది పక్కన నడుస్తూ పాఠం చెప్పినట్టు ఉంటుంది. మనిషి ఒంటి మీద ఎక్కడా లేని రంగైతేనే ఇది కుదురుతుంది. పసుపు పెడితే గుడ్డతో పాటు నా మొహమూ పోతుంది."

నాన్న గుడ్డ వైపు చూశాడు. "అంటే ఇంత కష్టపడి వేసిన రంగును ఆ పెట్టె చెరిపేస్తుందన్నమాట."

"చెరపడానికే వేయిస్తున్నాను నాన్నా."

"ఇన్నేళ్ళలో ఇలాంటి బేరం ఇదే మొదలు" అన్నాడు నాన్న. "ఇంతవరకూ రంగు పోకూడదని మొత్తుకునేవాళ్ళే వచ్చారు నా దగ్గరికి."

అమ్మ కిటికీ దగ్గర పకపకా నవ్వింది. పటాల టీచరుకు ఏడుపు రావలసిన చోట నవ్వొచ్చింది.

"బెంగపడకు" అన్నాడు నాన్న. "నా దగ్గర ఆకు రంగుకు విడిగా తొట్టి లేదు. ఎప్పుడు వేసినా ముందు పచ్చ వేసి, దాని మీద నీలం ముంచాల్సిందే. నువ్వు సగం పని చెప్పావు, నేను సగం పని చేశాను. మిగతా సగానికి ఒక్క పూట చాలు. ఏ ఆకు కావాలో చెప్పు. లేతాకా, ముదురాకా, చిలకా?"

ఆమె ఫోను తీసి ఒక బొమ్మ చూపించింది. కాస్త నయంగా ఉంటుందని, పెరట్లో మొక్క ఆకు ఒకటి తెంపి దాన్ని కూడా ఫోను కెమెరాలో చూపించబోయింది. ఎండలో ఆ ఆకు నిమ్మపండులా మెరిసింది. నీడలోకి తెస్తే నల్లబడింది. పక్కన ఎర్ర బకెట్టు కనబడేసరికి నీలం తిరిగింది.

నాన్న ఆ తెర వైపూ, చేతిలో ఆకు వైపూ మార్చి మార్చి చూశాడు. "ఇందులో ఏ రంగు వెయ్యమంటావు? ఒక్క నిమిషంలో మూడు రంగులు చెప్పింది."

"ఫోను అంతే నాన్నా. వెలుతురును బట్టి తనే సర్దుకుంటుంది."

"నువ్వు కొనబోయేది కూడా ఇలాగే సర్దుకుంటుందా?"

పటాల టీచరు నోటు పుస్తకం తీసి చూసింది. కెమెరా గురించి చదివి ఆమె అందులో పదకొండు అంశాలు రాసుకుంది. రంగును ఒకచోట నిలిపే మీట ఉందా లేదా అన్నది వాటిలో తొమ్మిదోది. మొదటి మూడూ బొమ్మ ఎంత పెద్దది, జూమ్ ఎంత, మోడల్ ఎంత కొత్తది అన్నవే.

"రేపు నేనూ వస్తాను" అన్నాడు నాన్న లేస్తూ. "కెమెరాను చూడకుండా గుడ్డను నీలంలో ముంచను."

మర్నాడు బడి వదిలాక ఇద్దరూ కెమెరాల దుకాణానికి వెళ్ళారు. అద్దాల తలుపు, లోపల వరసగా ట్యూబులైట్లు, మూల మడిచిన గొడుగుల్లా నిలబెట్టిన స్టాండ్లు. గల్లా పైన పెద్ద అక్షరాలతో బోర్డు ఉంది: అమ్మిన సరుకు వెనక్కి తీసుకోబడదు. ఆ బోర్డును ఆమె రెండుసార్లు చదివింది. నాన్న గోళ్ళలో ఇంకిన రంగులు, చంకలో గుడ్డ సంచీ చూసి ఈ దుకాణంలో ఎవరైనా ఏమైనా అనుకుంటారేమోనని ఒక్క క్షణం అనిపించింది. అలా అనిపించినందుకు ఆమెకు తన మీదే కోపం వచ్చింది. ఆయన చెయ్యి పట్టుకుని లోపలికి నడిచింది.

దుకాణదారు కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టుకుని నవ్వుతూ ఎదురొచ్చాడు. "రండి మేడం, రండి బాబాయిగారూ. పెళ్ళిళ్ళు తీస్తారా, ప్రయాణాలు తీస్తారా?"

"పాఠాలు తీస్తాను" అంది ఆమె.

"ఓహో! అయితే ఇది చూడండి." మెరిసే నల్ల కెమెరా ఒకటి గల్లా మీద పెట్టాడు. "మొన్ననే దిగింది. ఫోర్‌కే. జూమ్ చూశారంటే, ఎదురు మేడ మీద కూర్చున్న పావురం కంట్లో నలుసు కూడా కనబడుతుంది."

"మా అమ్మాయి నిలబడేది పది అడుగుల దూరంలో నాయనా" అన్నాడు నాన్న. "పావురంతో మాకు పని లేదు."

ఆయన సంచీలోంచి తువ్వాలంత గుడ్డ ముక్క తీశాడు. ఆకు రంగుది. తెల్లవారగానే మచ్చుకు ముంచి ఆరబెట్టుకొచ్చాడు. దుకాణదారు దగ్గర రెండు క్లిప్పులు అడిగి ఆ ముక్కను బీరువా తలుపుకు వేలాడదీశాడు. కూతుర్ని దాని ముందు నిలబెట్టి, కెమెరా పక్కన విచ్చుకునే చిన్న తెర మీదికి వంగాడు.

"పక్కకి జరుగమ్మా. మళ్ళీ రా. జరుగు. మళ్ళీ రా."

"ఏం చూస్తున్నావు నాన్నా?"

"నువ్వే వచ్చి చూడు. ఈయన్ని నిలబెడదాం."

దుకాణదారు వేడుకగా వెళ్ళి నిలబడ్డాడు. పటాల టీచరు తెరలో చూసింది. ఆయన ఎర్ర చొక్కా తెరలోకి రాగానే వెనక గుడ్డ పాలిపోయి నీలానికి తిరిగింది. ఆయన జరగగానే మళ్ళీ ఆకు రంగయింది.

"అది ఆటోమేటిక్ బాబాయిగారూ" అన్నాడు దుకాణదారు. "చాలా తెలివైన కెమెరా. మనం ఏమీ చెప్పక్కర్లేదు, అన్నీ తనే చూసుకుంటుంది."

"ఆ తెలివిని ఆపొచ్చా?"

దుకాణదారు మెనూలు తిప్పాడు. తిప్పీ తిప్పీ తల గోక్కున్నాడు. "ఇందులో రంగును ఆపడం లేదండీ."

"అయితే వద్దు నాయనా. అంత తెలివైన పనివాడితో నేను వేగలేను. చెప్పింది చేసేవాడు కావాలి."

రెండోది అరచేతిలో పట్టేంత చిన్నది, తేలిక. రంగును ఆపడం దానికి వచ్చు. కానీ తెరలో గుడ్డ నీడపట్టున ఉన్న చోట చుక్కలు చుక్కలుగా ఏదో కదిలింది. "ఈగలు ముసిరినట్టుంది" అన్నాడు నాన్న. దుకాణదారు దాన్ని డబ్బాలో పెట్టేశాడు.

"ఇంకేమైనా ఉన్నాయా?" అంది ఆమె.

దుకాణదారు పైఅర మీంచి ఒక డబ్బా దించి దుమ్ము ఊదాడు. "ఇదొకటుంది. కిందటేడు మోడలు. జూమ్ తక్కువ, చూడ్డానికి కూడా అంత సోకుగా ఉండదు. అందుకే ముందే చూపించలేదు."

అది బరువుగా, మొరటుగా ఉంది. కటకం చుట్టూ వేలితో తిప్పే వలయం ఒకటుంది. దుకాణదారు డబ్బాలోని పుస్తకం చూసుకుంటూ తెల్ల కాగితం ఒకటి కెమెరా ముందు పట్టి ఒక మీట నొక్కాడు. ఇదే తెలుపు అని దానికి చెప్పడమట అది. ఇంకో మీట నొక్కితే వెలుతురు లెక్క కూడా అక్కడే ఆగిపోతుందట. ఎర్ర చొక్కా తెరలోకి వచ్చింది, పోయింది. గుడ్డ ఆకు రంగు అలాగే ఉంది.

"ఒక లైటు ఆర్పు నాయనా" అన్నాడు నాన్న. లైటు ఆరింది. తెరలో గుడ్డ మసకబడింది కానీ రంగు మారలేదు. "చూశావా? వెలుతురు తగ్గితే తగ్గిందని చూపించింది. దాచలేదు."

దుకాణదారుకు ఈ ఆట నచ్చినట్టుంది. కళ్ళజోడు కిందికి దించుకుని, అమ్మకపు గొంతు పక్కన పెట్టి మాట్లాడాడు. "మేడం, ఉన్న మాట చెబుతాను. ఇళ్ళల్లోకి కొనే ఈ రకం కెమెరాలన్నీ వెలుతురును వివరంగా రాసుకుంటాయి, రంగును మాత్రం నాలుగు చుక్కలకు ఒకటి చొప్పున రాసుకుంటాయి. అందుకని జుట్టు దగ్గరా వేళ్ళ దగ్గరా అంచులు కాస్త మొద్దుగా వస్తాయి. ఇదీ అంతే."

"రంగు పైపైన పట్టిందన్నమాట" అన్నాడు నాన్న. "నూలు లోపలికి దిగలేదు."

"అబ్బ, సరిగ్గా అంతే బాబాయిగారూ! గుడ్డ మీద వెలుతురు అన్ని చోట్లా ఒక్కలా పడాలి. మేడం గుడ్డకు ఆరడుగులు ముందుకు నిలబడాలి. అలా అయితే నెట్టుకురావచ్చు."

పటాల టీచరు ఆ మొరటు కెమెరాను చేతిలోకి తీసుకుంది. కొత్తది, మంచిది అంది పెద్ద మేడం. ఇది మంచిదేమో కానీ కొత్తది కాదు. సోమవారం కమిటీవాళ్ళు ముందు డబ్బానే చూస్తారు. కొన్నాక వెనక్కి తీసుకోరు. "నువ్వేమంటావు నాన్నా?" అని అడిగింది.

"రంగు సంగతి అడిగితే చెప్పాను" అన్నాడు నాన్న. "మిగతా పదీ నీ పుస్తకంలో ఉన్నాయి. అవి నాకు తెలియవు. నువ్వే చూడు."

ఆమె నోటు పుస్తకం తీసింది. గల్లా మీద పెట్టుకుని, ఒక్కొక్కటే చదువుతూ, దుకాణదారుచేత చేయించి చూస్తూ అరగంట నిలబడింది. మైకు పెట్టుకునే చోటు ఉంది. గంటసేపు ఆగకుండా తీయగలదు. తొమ్మిదో అంశం చుట్టూ పెన్నుతో సున్నా చుట్టింది. మొదటి మూడూ కొట్టేసింది. "ఇది ఇవ్వండి" అంది.

శనివారం పొద్దున్నే కొట్టంలో నీలం తొట్టి సిద్ధమైంది. ఆరు మీటర్ల గుడ్డ తడిస్తే ఒక మనిషి వల్ల కాదు. తొడుగులు ఒక్క జతే ఉన్నాయి. అవి నాన్న వేసుకున్నాడు. పాత జత వెతికి తెస్తానని అమ్మ లోపలికి వెళ్ళింది కానీ, ఆమె వచ్చేదాకా గుడ్డ ఆగదు. కొంచెం ఆలస్యమైనా చార పడుతుంది. పటాల టీచరు చేతులు పైకి మడిచి, తొడుగుల్లేకుండానే పనిలోకి దిగింది. ఆ చివర నాన్న, ఈ చివర ఆమె. "ముంచు, తిప్పు, ఎత్తు, మళ్ళీ ముంచు" అంటూ నాన్న పాట పాడినట్టు చెబుతుంటే పసుపు కళ్ళ ముందే ఆకు రంగైంది. చదువులో పడి ఆ పని చేసి పదేళ్ళు దాటింది. ఆ వాసన, ఆ బరువు ఆమె భుజాలకు ఇంకా గుర్తే.

ఆదివారం బడి కాపలాదారు ప్రయోగశాల తలుపు తీసి ఇచ్చాడు. ఆమె గుడ్డను గోడకు బిగించి, ముడతలు సాగదీసి, రెండు వైపులా లైట్లు పెట్టింది. ఆరడుగులు కొలిచి నేల మీద సుద్దతో గీత గీసింది. తెల్ల కాగితం చూపించి మీట నొక్కింది. తర్వాత నది కొండలో పుట్టి, మైదానంలో నెమ్మదించి, సముద్రంలో కలిసే పాఠం చేతులు తిప్పుతూ చెప్పింది. మూడోసారికి తడబాటు లేకుండా వచ్చింది. సంతోషంగా కంప్యూటరు ముందు కూర్చుని, రంగు చెరిపే మీట నొక్కింది.

గుడ్డ పోయింది. దాని స్థానంలో పటం వచ్చింది. ఆమె మొహం చక్కగా ఉంది. చెవి పక్క లేచిన వెంట్రుకలు కూడా ఉన్నాయి. చేతులు మాత్రం లేవు. మణికట్టుతో సరి. ఆపైన కొండలు, నది. నది ఎటు వెళుతుందో చూపిస్తున్న వేలు నదిలోనే కలిసిపోయింది.

మళ్ళీ నొక్కింది. మళ్ళీ అంతే. వేళ్ళ దగ్గర అంచులు మొద్దుగా వస్తాయని దుకాణదారు చెప్పనే చెప్పాడు. మొద్దుగా రావడం కాదు, ఈ పాత కెమెరా మొత్తానికే మింగేసింది. తానే ఏరి కోరి కొంది. ఇక వెనక్కి తీసుకోరు. రేపు పొద్దున మేడం మొహం ఎలా చూడాలి? తన మాట నమ్మి కమిటీతో పోట్లాడిన మనిషి. కాసేపు రెండు చేతుల్లో తల పెట్టుకుని కూర్చుంది. చివరికి ఇంటికి ఫోను చేసింది.

"నాన్నా, తప్పు కెమెరా కొన్నాను. నా చేతులు పోయాయి."

"అయ్యో! ఏమైంది తల్లీ?" అవతల కేక.

"నిజంగా కాదు నాన్నా, వీడియోలో!"

"అలా చెప్పాలి కదే! మీ అమ్మ ఇక్కడ కూలబడింది!"

అరగంటలో నాన్న వచ్చాడు. చెమట తుడుచుకుంటూ తెర ముందు వంగి చూశాడు. నదిలో కరిగిపోయే చేతుల్ని చూశాడు. తర్వాత పక్కకి తిరిగి కూతుర్ని చూశాడు. "చెయ్యి చాపు" అన్నాడు.

ఆమె చాపింది. చాపాక తానూ చూసింది. మణికట్టు దాకా ముదురాకు రంగు.

నిన్నటి నుంచి ఆ చేతులతోనే ఇంత తింది, తల దువ్వుకుంది, గుడ్డ బిగించింది. ఒక్కసారీ గమనించలేదు. ఆ ఇంట్లో పుట్టిన మనిషికి చేతికి రంగుండడం, వేలికి గోరుండడం లాంటిదే. ఎవరూ ఎవరికీ చెప్పరు.

"అయితే కెమెరా తప్పు కాదా?" అంది గొణిగినట్టు.

"దాని తప్పేముంది పాపం! ఆకు రంగు చెరపమన్నావు, చెరిపింది. చెప్పింది చేసేవాడు కావాలని నేనే కదా అడిగాను" అంటూ నాన్న నవ్వడం మొదలెట్టాడు. ఆగలేక స్టూలు మీద కూర్చున్నాడు. "నీది మీ అమ్మ ఛాయ. పచ్చటి చెయ్యి. గుడ్డా పచ్చే, చెయ్యీ పచ్చే. రెండూ ఒకే నీలంలో మునిగితే ఇంకే రంగొస్తుంది?"

"నవ్వకు నాన్నా. రేపే కమిటీ. ఇది కడిగితే పోయేదేనా?"

"నేను వేసిన రంగు కడిగితే పోతుందా?" ఆ మాటలో గర్వం తొంగిచూసింది. వెంటనే కూతురి మొహం చూసి తగ్గాడు. ఆమె చెయ్యి పట్టుకుని గుడ్డ దగ్గరికి తీసుకెళ్ళి, దానికి ఆనించి పెట్టాడు. కళ్ళు చికిలించి చాలాసేపు చూశాడు. నవ్వు పోయి పని మొహం వచ్చింది. "ఇవి రెండూ ఒక రంగు కాదమ్మా."

"రెండూ ఆకుపచ్చే కదా?"

"పేరు ఒకటి. రంగు ఒకటి కాదు. గుడ్డకు కింద అసలైన పచ్చ ఉంది, నిండుగా పట్టించినది. అందుకే పైకి లేతగా, వెలుగుతూ ఉంది. నీ చేతికి కింద ఉన్నది తోలు. దాని మీద నీలం పడి మురికాకైంది. బోలెడు తేడా. ఎక్కడిదాకా చెరపాలో ఆ పెట్టెకు చెప్పడానికి ఏమైనా ఉందా?"

ఉంది. కంప్యూటరులో అటూ ఇటూ జరిపే గుండీ ఒకటుంది. కుడికి జరిపితే ఆ రంగుతో పాటు దాని చుట్టాలన్నిటినీ చెరుపుతుంది. ఎడమకు తెస్తే ఆ ఒక్క రంగునే. మామూలుగా గుండీ మధ్యలో ఉంటుంది. ఆమె దాన్ని తాకనే లేదు. రంగు నిమిషానికోలా మారే కెమెరా అయితే దాన్ని తగ్గించే వీలే ఉండదు. కాస్త తగ్గిస్తే గుడ్డే అక్కడక్కడా మిగిలిపోతుంది. ఇక్కడ గుడ్డ రంగు మొదటి క్షణం నుంచి ఆఖరి క్షణం దాకా ఒక్కటే. అది తట్టగానే ఆమె వెన్ను నిటారైంది.

తండ్రీ కూతుళ్ళు భుజం భుజం ఆనించి తెర ముందు కూర్చున్నారు. ఆమె గుండీ మెల్లగా ఎడమకు జరిపింది. నాన్న తొట్టి మీదికి వంగినట్టే వంగి చూశాడు.

"ఇంకా. ఇంకొంచెం. ఇంకొక్క వెంట్రుక వాసి. ఆగు!"

నదిలోంచి చెయ్యి లేచి వచ్చింది. ముందు మణికట్టు, తర్వాత అరచేయి, ఒక్కొక్క వేలూ. ఆకు రంగు చెయ్యే, కానీ నిండైన చెయ్యి. వేలి చివర నది మలుపు దగ్గర సరిగ్గా ఆగింది. ఎడమ చేతి చిటికెన వేలి గోరు మాత్రం రాలేదు. గోరుండాల్సిన చోట చిన్న కిటికీలా సముద్రం కనబడుతోంది. ఇంకా తగ్గిస్తే గుడ్డ మిగిలిపోతోంది.

"గోరే కదా" అన్నాడు నాన్న. "పోనీ."

సోమవారం కమిటీవాళ్ళు ముగ్గురు వచ్చారు. పెద్ద మేడం వాళ్ళ వెనక నిలబడింది. పాఠం మొదలైంది. కొండలో సన్నగా బయలుదేరిన నది పక్కన పటాల టీచరు నడిచింది. మైదానంలో ఆగి, మట్టి ఎందుకు పేరుకుంటుందో వంగి చూపించింది. ఏడు నిమిషాలు ఎవరూ కదల్లేదు. పాఠం అయిపోయింది. పటాల టీచరు చేతులు వీపు వెనక దాచుకుని నిలబడింది.

కమిటీ అధ్యక్షురాలు పెద్దావిడ. మందపాటి కళ్ళద్దాలు. "అమ్మాయీ, నీ చిటికెన గోట్లోంచి నాకు సముద్రం కనబడింది. అది పాఠంలో భాగమా?" అని అడిగింది.

అవునని ఒక్క అబద్ధం ఆడితే సరిపోయేది. పటాల టీచరుకు అది చేతకాలేదు. చేతులు ముందుకు తెచ్చి చూపించింది. పచ్చ గుడ్డ అడగడం దగ్గర్నుంచి గుండీ జరపడం దాకా జరిగిందంతా ఉన్నదున్నట్టు చెప్పింది. తన తండ్రి రంగులు వేసే మనిషని, కెమెరా పరీక్ష పెట్టింది ఆయనేనని కూడా చెప్పింది. పెద్ద మేడం కంగారుగా గొంతు సవరించుకుంది. కానీ అధ్యక్షురాలి కళ్ళద్దాలు పైకీ కిందికీ కదులుతున్నాయి. ఆవిడ నవ్వుతోంది.

"డబ్బా మీద కిందటేడు తేదీ ఉంది. కొత్తది ఎందుకు కొనలేదు?" అన్నాడు పక్కనున్నాయన.

"కొత్తది నేను కదిలితే రంగు మార్చేసిందండీ. ఇది మార్చలేదు. రేపు ఇంకో టీచరు ఇంకో రంగు చొక్కా వేసుకుని వచ్చి నిలబడినా ఇది మార్చదు. పాఠాలన్నీ ఒక్కలా ఉండాలంటే నాకు ఇదే కావాలి."

అధ్యక్షురాలు లేచి కెమెరా దగ్గరికి వెళ్ళి ఆ వలయాన్ని ఒకసారి తిప్పి చూసింది. "ఈ ఏడాది పుస్తకంలో పాఠాలెన్ని?"

"పద్నాలుగండీ."

"మిగతా పదమూడూ చెయ్యి. ఏడాది దాకా నీ ఉద్యోగం ఉంటుంది. ఆ తర్వాత సంగతి ఆ పాఠాలు చూసి మాట్లాడదాం." తలుపు దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది. "మైదానం దగ్గర నిన్ను మోకాళ్ళ దాకానే చూపించావేం? పాదాలు కూడా నేల మీద ఉంటే బాగుంటుంది."

వాళ్ళు వెళ్ళాక పెద్ద మేడం ప్రయోగశాల తాళంచెవి తీసి ఆమె ఆకుపచ్చ అరచేతిలో పెట్టింది.

పటాల టీచరు వరండాలోకి వచ్చి ఫోను చేసింది. నాన్న ఒక్క మోతకే ఎత్తాడు. పొద్దుట్నుంచీ ఫోను చేతిలోనే ఉన్నట్టుంది. ఏడాది ఉద్యోగం మాట వినగానే ఆయన అమ్మను పిలిచి చెప్పాడు. అమ్మ ఏదో అంది. ఇద్దరూ ఒకేసారి మాట్లాడారు. ఏమీ అర్థం కాలేదు, అంతా అర్థమైంది.

"నాన్నా, ఇంకో గుడ్డ కావాలి. నేల మీద పరచడానికి. పాదాలు కనబడాలట."

"ఎన్ని మీటర్లు?"

"ఎనిమిది."

"ఏ రంగు?"

ఆమె నోరు తెరిచి, ఆగింది. అవతల నాన్న కూడా నవ్వు ఆపుకుంటూ కాచుకుని ఉన్నాడని ఊపిరి వినబడితేనే తెలిసిపోయింది.

"ముందు పచ్చ వేసి ఉంచు నాన్నా" అంది. "నీలం రోజు నేను వస్తాను. తొడుగులు మాత్రం రెండు జతలు కొను."